నికాహ్‌నామాతో పాటు చదవవలసిన పత్రం

(హైదరాబాద్ పాతబస్తీలో తల్లిదండ్రుల కోసం ఏర్పాటైన న్యాయ అవగాహన సభలో ఒక మహిళా న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా సంబంధాల గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. చికాగో, హ్యూస్టన్, డల్లాస్ పేర్లు మన మొహల్లాలకు కొత్తవి కావు. ప్రతి గల్లీలో ఎవరో ఒకరి కుమార్తె అక్కడ కాపురముంటున్నది. కనుక వీసా ఎలా సంపాదించాలో మీకు నేను చెప్పనవసరం లేదు. ఆ వీసా దస్త్రంలో ఉండే ఒకే ఒక పత్రం గురించి మాట్లాడతాను. అది అమ్మాయి కోసం వ్రాసే పత్రం. అయితే దానిని అమ్మాయిగానీ, ఆమె తల్లిదండ్రులుగానీ చదివిన సందర్భాలు నా అనుభవంలో బహు తక్కువ.

మొన్నటి శీతకాలంలో ఒక తండ్రి తన కుమార్తెను వెంటబెట్టుకుని మా కార్యాలయానికి వచ్చారు. నికాహ్ అయిన రెండున్నర ఏళ్లకు ఆ అమ్మాయికి వీసా వచ్చింది. ఇల్లినాయ్ రాష్ట్రంలో నాలుగేళ్లు కాపురం చేసింది. ఒకనాడు భర్త "మీ అమ్మీని చూసి రా" అని విమానమెక్కించాడు. ఆమె ఇక్కడికి చేరిన మూడు వారాలకు, అక్కడి కోర్టులో విడాకులకు దరఖాస్తు చేశానని సందేశం పంపాడు. కొన్నాళ్లకు ఒక ఫారం పంపి, దానిపై సంతకం చేసి తిప్పిపంపితే మిగిలిన మహర్ చెల్లిస్తానన్నాడు. ఆ ఫారం పేరు ఐ-407. గ్రీన్ కార్డును స్వచ్ఛందంగా వదులుకుంటున్నానని ప్రకటించే పత్రమది.

"బేటీ, నీ వీసా కోసం పోషణ హామీ ఎవరు వ్రాశారు?" అని అడిగాను. ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన, "ఆ కాగితాలన్నీ అబ్బాయి వాళ్లే చూసుకున్నారమ్మా. పెళ్లికొడుకు జీతం ఎంతని అడగగలిగాం గానీ, ఆదాయం కాగితాలు చూపించమని ఎలా అడుగుతాం?" అన్నారు.

ఆ తండ్రి మొహమాటం మనందరిదీ. అందుకే ఈ విషయాన్ని సభలో చెప్పవలసి వచ్చింది.

ఈ పత్రం ఏమిటి?

అమెరికా పౌరుడుగానీ, గ్రీన్ కార్డు ఉన్నవాడుగానీ తన భార్యను శాశ్వత నివాస వీసాపై తీసుకువెళ్లాలంటే మొదట ఐ-130 అనే వినతిపత్రం దాఖలు చేస్తాడు. అది ఆమోదం పొందిన తరువాత దస్త్రం నేషనల్ వీసా సెంటర్‌కు చేరుతుంది. అక్కడ అతడు సమర్పించవలసినది ఐ-864 అనే ఫారం. దీనినే అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్ అంటారు. నేను పోషణ హామీపత్రం అంటాను. ఆ తరువాత మన దేశంవారికి ఇంటర్వ్యూ సాధారణంగా ముంబయి కాన్సులేట్‌లో జరుగుతుంది.

అమెరికాలో పూర్వం కూడా ఇటువంటి హామీపత్రాలు ఉండేవి. వాటిని అక్కడి న్యాయస్థానాలు నైతిక బాధ్యతగానే పరిగణించాయి, అమలు చేయించలేదు. 1996లో వలస చట్టాన్ని సవరించి, ఈ హామీని న్యాయస్థానంలో అమలు చేయించగల ఒప్పందంగా మార్చారు. 1997 డిసెంబరు 19 నుంచి కొత్త పత్రం అమలులోకి వచ్చింది. వలస వచ్చినవారు ప్రభుత్వ సంక్షేమంపై ఆధారపడకూడదన్నది ఆ చట్టం ఉద్దేశం. అమెరికా ఖజానాను కాపాడుకోవడానికే దానిని చేశారు, మన ఆడపిల్లల మీద దయతో కాదు. అయినా దాని ఫలితంగా ఆడపిల్ల చేతికి ఒక హక్కు వచ్చింది. హామీ ఇచ్చినవాడు మాట తప్పితే, సంక్షేమ సహాయం అందించిన ప్రభుత్వ సంస్థ అతడి నుంచి ఆ సొమ్ము రాబట్టవచ్చు. ఎవరి కోసం హామీ ఇచ్చాడో ఆ వ్యక్తి కూడా స్వయంగా అతడిపై దావా వేయవచ్చు.

ఎంత ఆదాయం ఉండాలి?

హామీ ఇచ్చేవాడికి పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి. అమెరికాలో స్థిరనివాసం ఉండాలి. మనవాళ్లలో అమెరికా పౌరసత్వం పొంది జిద్దాలోనో దుబాయ్‌లోనో ఉద్యోగం చేసేవారున్నారు. అటువంటివారు తమ నివాసం అమెరికాలోనే కొనసాగుతున్నదనో, భార్య అక్కడ అడుగుపెట్టే నాటికి తామూ అక్కడ స్థిరపడతామనో ఆధారాలతో చూపాలి. జీతం ఎంత పెద్దదైనా ఈ షరతు తప్పదు.

ఇక ఆదాయం. అమెరికా ప్రభుత్వం ఏటా పేదరిక ప్రమాణాల పట్టికను ప్రకటిస్తుంది. హామీదారుని ఆదాయం దానికి 125 శాతమైనా ఉండాలి. సైన్యంలో క్రియాశీల సేవలో ఉన్నవారు భార్యను పిలిపించుకుంటే 100 శాతం చాలు. అలాస్కా, హవాయి మినహా మిగిలిన రాష్ట్రాలలో 2025 పట్టిక ప్రకారం ఇద్దరున్న కుటుంబానికి 26,437 డాలర్లు, ముగ్గురికి 33,312, నలుగురికి 40,187 డాలర్ల వార్షికాదాయం అవసరం. ఈ అంకెలు ఏటా మారుతాయి.

కుటుంబంలో ఎవరెవరిని లెక్కించాలన్న దగ్గరే చాలామంది పొరబడతారు. భర్త ఒకడు, భార్య ఒకతె, కనుక ఇద్దరే అనుకుంటారు. అతడిపై ఆధారపడిన పిల్లలున్నా, ఇతరులున్నా లెక్కలోకి వస్తారు. గతంలో ఎవరికోసమైనా ఇదే హామీ ఇచ్చి ఉంటే, అది చెల్లిపోయేదాకా వారూ వస్తారు. ఉదాహరణకు, ఒక అబ్బాయి మూడేళ్ల క్రితం తన తల్లిదండ్రులను పిలిపించుకున్నాడనుకోండి. వారింకా పౌరులు కాకపోతే, ఇప్పుడు భార్యకు హామీ ఇచ్చేటప్పుడు అతడి కుటుంబం నలుగురు. అంటే 26 వేలు కాదు, 40 వేల డాలర్లకు పైగా ఆదాయం చూపాలి.

ఇందులో తల్లిదండ్రులు గమనించవలసిన మరో సంగతి ఉంది. పూర్వం ఒక భార్యకు హామీ ఇచ్చి విడాకులు తీసుకున్నవాడు ఆమెను కూడా ఈ లెక్కలో చూపాలి. మధ్యవర్తులు చెప్పకుండా దాచిన మొదటి వివాహం ఈ పత్రంలో బయటపడవచ్చు.

ఆదాయానికి ఆధారం ట్యాక్స్ రిటర్న్. తాజా సంవత్సరపు పన్ను పత్రం, ఉద్యోగి అయితే డబ్ల్యూ-2, ఇటీవలి జీతపు రసీదులు, యజమాని లేఖ జతచేస్తారు. సొంత వ్యాపారం చేసేవారికి, టాక్సీ నడిపేవారికి ఇక్కడే చిక్కు వస్తుంది. రోజూ చేతిలో ఆడే డబ్బు లెక్కలోకి రాదు. ఖర్చులు తీసివేయగా పన్ను పత్రంలో చూపిన ఆదాయమే వస్తుంది. పన్ను తగ్గించుకోవడానికి తక్కువ ఆదాయం చూపినవాడు, భార్య వీసా వేళకు అదే కాగితం ముందు నిస్సహాయుడవుతాడు. ఆ లోటుకు మూల్యం చెల్లించేది మాత్రం ఇక్కడ పుట్టింట్లో సంవత్సరాల తరబడి ఎదురుచూసే అమ్మాయి.

పేర్ల విషయం కూడా చెప్పాలి. పాస్‌పోర్టులో "మొహమ్మద్", పన్ను పత్రంలో "ఎండీ", నికాహ్‌నామాలో "మహమ్మద్" అని ఉండడం మనలో సర్వసాధారణం. మూడూ ఒక్కరివేనని ముందుగానే ఆధారాలు సిద్ధం చేసుకోండి.

ఆదాయం చాలకపోతే

ఆదాయం చాలనంత మాత్రాన దారి మూసుకుపోదు. చట్టమే మూడు మార్గాలు చూపింది. మొదటిది, హామీదారునితో ఒకే ఇంట్లో నివసించే బంధువు తన ఆదాయాన్ని కూడా కలుపుతానని ఐ-864ఏ అనే ఒప్పందంపై సంతకం చేయవచ్చు.

రెండవది జాయింట్ స్పాన్సర్. ఇతడు బంధువే కానక్కరలేదు. పౌరుడుగానీ గ్రీన్ కార్డుదారుడుగానీ అయి, అమెరికాలో నివసిస్తూ, తన కుటుంబంతో పాటు వచ్చే వ్యక్తినీ కలుపుకొని 125 శాతం ఆదాయం చూపగలిగితే చాలు. అయితే జాయింట్ స్పాన్సర్ దొరికినా, భర్త తన ఐ-864ను తప్పనిసరిగా ఇవ్వవలసిందే. అతడి బాధ్యత ఏమాత్రం తగ్గదు.

మూడవది ఆస్తులు. ఏడాదిలోగా నగదుగా మార్చగల ఆస్తులను చూపవచ్చు. అమెరికా పౌరుడు భార్య కోసం హామీ ఇస్తే లోటుకు మూడు రెట్లు, గ్రీన్ కార్డుదారుడైతే ఐదు రెట్లు ఆస్తి చూపాలి. ఆరు వేల డాలర్లు తక్కువపడితే పౌరుడు పద్దెనిమిది వేలు, గ్రీన్ కార్డుదారుడు ముప్పై వేల డాలర్ల విలువైన ఆస్తి చూపాలన్నమాట. అప్పులు పోగా మిగిలిన విలువనే లెక్కిస్తారు. అమ్మాయి పేరున ఉన్న ఆస్తిని కూడా చూపవచ్చు.

ఈ మూడూ వదిలి నాలుగో దారి పట్టేవారున్నారు. డబ్బిస్తే జాయింట్ స్పాన్సర్‌ను కుదురుస్తామనీ, పన్ను పత్రాలు తయారుచేసి ఇస్తామనీ చెప్పే ఏజెంట్ల జోలికి పోకండి. ఇంటర్వ్యూలో కాగితాలు చాలకపోతే అధికారి 221(జి) అనే చీటీ ఇచ్చి, మిగిలిన ఆధారాలు తెమ్మంటాడు. ఏడాదిలోగా వాటిని సమర్పించవచ్చు. అది ఆలస్యమే గాని అనర్థం కాదు. అదే, తప్పుడు పత్రం ఇచ్చి అబద్ధమాడినట్లు తేలితే ఆ అమ్మాయి జీవితాంతం అమెరికా ప్రవేశానికి అనర్హురాలు కావచ్చు. మినహాయింపు కోరడానికి అవకాశమున్నా అది కఠినమైన మార్గం.

మసీదులో పరిచయమైన సోదరుడు అడిగాడని మొహమాటానికి జాయింట్ స్పాన్సర్‌గా సంతకం చేసే మంచివారికి కూడా ఒక మాట. మీరు సాక్షి సంతకం చేయడం లేదు. భర్తతో సమానంగా మీరూ బాధ్యులవుతారు. మీ మేనల్లుడి కాపురం చెడితే అతడి భార్య మీపైన కూడా దావా వేయవచ్చు. అది తెలిసి, ఒప్పుకొని సంతకం చేయడమే అమానత్.

ఈ హామీ ఎంతకాలం ఉంటుంది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. హామీ చెల్లిపోయే సందర్భాలను చట్టం వరుసగా పేర్కొన్నది. ఆమె అమెరికా పౌరురాలైనప్పుడు. ఆమె పేరున నలభై త్రైమాసికాల పని, అంటే స్థూలంగా పదేళ్ల పని, జమ అయినప్పుడు. వివాహకాలంలో భర్త చేసిన పని కూడా ఆమె ఖాతాలో కలుస్తుంది. ఇద్దరిలో ఒకరు మరణించినప్పుడు. ఆమె శాశ్వత నివాస హోదాను వదులుకొని దేశం విడిచి వెళ్లినప్పుడు. అక్కడి బహిష్కరణ విచారణలో కొత్త హామీపై మళ్లీ నివాస హోదా పొందినప్పుడు.

ఈ జాబితాలో విడాకులు లేవు. దయచేసి ఈ మాట గుర్తుపెట్టుకోండి. విడాకులతో వివాహం ముగుస్తుంది గాని ఈ హామీ ముగియదు.

మాజీ భర్త ఎంత ఇవ్వాలి? ఆమె ఆదాయం పేదరిక ప్రమాణానికి 125 శాతం కంటే ఎంత తగ్గితే అంత. 2025 లెక్కలో ఒంటరిగా నివసించే స్త్రీకి అది ఏడాదికి దాదాపు 19,562 డాలర్లు. ఆమె సంపాదించినది అందులోంచి తీసివేస్తారు. "పని వెతుక్కోలేదు కనుక నేనేమీ ఇవ్వను" అనే వాదనను 2012లో ఏడవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం త్రోసిపుచ్చింది. చికాగో నగరం ఆ న్యాయస్థానం పరిధిలోనిదే. వివాహానికి ముందు వ్రాసుకున్న ఒప్పందంలో భరణం వదులుకున్నా ఈ హామీ రద్దు కాదని 2016లో తొమ్మిదవ సర్క్యూట్ న్యాయస్థానం తీర్పునిచ్చింది.

దీనికీ ఖులాకూ సంబంధమున్నది. మన వద్ద ఖులా వేళ అమ్మాయి చేత "నాకు ఎటువంటి హక్కులూ లేవు, అన్నీ వదులుకున్నాను" అని వ్రాయిస్తారు. మహర్ వదులుకోవడం వేరు, ఈ హామీని వదులుకోవడం వేరు. అటువంటి వాక్యాన్ని తరువాత న్యాయస్థానంలో ఆమెకు వ్యతిరేకంగా చూపే ప్రయత్నం జరగవచ్చు. కనుక వలస చట్టం తెలిసిన న్యాయవాదికి చూపకుండా అన్ని హక్కులనూ ఒకే వాక్యంలో వదిలేసే కాగితంపై సంతకం చేయించకండి. ఖాజీ సాహెబులు కూడా ఈ విషయం గమనించాలని మనవి.

ఇప్పుడు ఆ అమ్మాయి దగ్గరకు తిరిగి వెళదాం. భర్త పంపిన ఐ-407 ఎందుకో మీకు అర్థమై ఉంటుంది. విడాకులతో పోని బాధ్యత, ఆమె గ్రీన్ కార్డు వదులుకుని ఇక్కడే ఉండిపోతే పోతుంది. "మీ అమ్మీని చూసి రా" అన్న టిక్కెట్టు వెనుక అదే లెక్క ఉన్నదో లేదో నేను చెప్పలేను. ఫలితం మాత్రం అదే. గ్రీన్ కార్డు ఉన్నవారు ఆరు నెలలకు మించి బయట ఉంటే తిరిగి ప్రవేశించేటప్పుడు ప్రశ్నలు ఎదురవుతాయి. ఏడాది దాటితే, ముందుగా అనుమతిపత్రం తీసుకోనివారికి ఆ కార్డు ఒక్కటే చాలదు. ఆమె వచ్చి అప్పటికి ఏడు నెలలు. మంచి విషయం ఏమిటంటే, ఆమె ఆ ఫారంపై సంతకం చేయలేదు. "చదవకుండా చేయనన్నాను, అబ్బాజాన్ కోప్పడ్డారు" అని చెప్పింది. ఏడాది నిండకముందే ఆమె తిరిగి వెళ్లింది. అక్కడ ఒక న్యాయ సహాయ సంస్థ ఆమె తరఫున నిలిచింది. దావా ఇంకా తేలలేదు. ఆమె ఒక దుకాణంలో పని చేస్తూ చదువుకుంటున్నది.

మనం చేయవలసినది

బఖరా సూరాలోని 282వ ఆయతు ఖుర్‌ఆన్‌లో అన్నిటికన్నా పొడవైనదని మీకు తెలుసు. అప్పు వ్యవహారాన్ని వ్రాతలో పెట్టుకోవడం గురించిన ఆయతు అది. వ్రాతకు అంత విలువ ఇచ్చిన సమాజం మనది. అటువంటిది, ఆడపిల్ల భవిష్యత్తుకు సంబంధించిన వ్రాతను చూపమని అడగడాన్ని అవమానంగా భావించడం న్యాయమా?

కాబట్టి, సంబంధం మాట్లాడేటప్పుడే అబ్బాయి తరఫువారిని మర్యాదగా నాలుగు ప్రశ్నలు అడగండి. అతడు పౌరుడా, గ్రీన్ కార్డుదారుడా? గత సంవత్సరం పన్ను పత్రంలో చూపిన ఆదాయం ఎంత? ఇంతకుముందు ఎవరికైనా ఐ-864 హామీ ఇచ్చాడా? ఆదాయం చాలకపోతే జాయింట్ స్పాన్సర్ ఎవరు? నిజాయితీ గల కుటుంబం ఈ ప్రశ్నలకు నొచ్చుకోదు. వీసా దస్త్రంలో ఎలాగూ వ్రాయవలసిన సమాధానాలే ఇవి. కట్నం లెక్కలు గంటల తరబడి మాట్లాడగలిగిన మన నోళ్లకు ఈ లెక్క అడగడానికి సిగ్గెందుకు?

నికాహ్ తరువాత ఖాజీ వద్ద సియాహా నకలు తీసుకున్నట్లే, సంతకం చేసిన ఐ-864 పూర్తి నకలు కూడా తీసుకోండి. జాయింట్ స్పాన్సర్ ఉంటే అతడిదీ తీసుకోండి. నేషనల్ వీసా సెంటర్ ఇచ్చే కేసు సంఖ్య, ఇన్‌వాయిస్ సంఖ్య అమ్మాయి దగ్గర కూడా ఉండాలి. ఒక నకలు ఆమె వెంట, ఒకటి ఇక్కడ తల్లిదండ్రుల వద్ద ఉండాలి. తరువాత కావలసి వస్తే అక్కడి ప్రభుత్వ దస్త్రాల నుంచి దరఖాస్తుపై తెప్పించుకునే ప్రయత్నం చేయవచ్చు గాని దానికి కాలం పడుతుంది.

అమ్మాయికి ఈ పత్రం ఏమిటో వివరించండి. వివాహమై రెండేళ్లు నిండకముందే అమెరికాలో ప్రవేశిస్తే ఆమెకు రెండేళ్ల షరతుల కార్డే వస్తుంది. గడువు ముగియడానికి ముందు తొంభై రోజులలో భార్యాభర్తలిద్దరూ కలిసి ఐ-751 దాఖలు చేయాలి. విడాకులైనా, హింస జరిగినా ఆమె ఒంటరిగా దాఖలు చేయడానికి మినహాయింపు ఉన్నది. భర్త బెదిరింపుకు లొంగి మౌనంగా ఉండవలసిన పని లేదు. అవసరమైతే ఏజెంటు దగ్గరకు కాదు, అక్కడి న్యాయవాది దగ్గరకుగానీ, అమెరికా న్యాయశాఖ గుర్తించిన సంస్థలలోని అధీకృత ప్రతినిధుల దగ్గరకుగానీ వెళ్లాలి. వారిలో తక్కువ రుసుముకు సహాయం చేసేవారు ఉంటారు.

అబ్బాయిల తల్లిదండ్రులు కూడా ఈ సభలో ఉన్నారు. నా మాటలు మీకు వ్యతిరేకం కాదు. మీ కుమారుడు ఆ పత్రాన్ని చదివి, దాని బరువు తెలిసి సంతకం చేస్తే మీకే మేలు. వీసా కోసం ఏదో ఒక కాగితమని సంతకం చేసి, పదేళ్ల తరువాత న్యాయస్థానంలో దాని అర్థం తెలుసుకోవడం అతడికీ కష్టమే. భార్యను పోషించడం మన ధర్మంలో ముందునుంచీ ఉన్న బాధ్యత. పరదేశపు చట్టం దానిని కాగితం మీద వ్రాయించుకుంటున్నది, అంతే.

ఆ తండ్రి వెళుతూ, "అమ్మా, నికాహ్‌నామా కూడా నేను పూర్తిగా చదవలేదు" అన్నారు. ఈ సభ నుంచి ఇంటికి వెళ్లిన తరువాత మీ ఇంటి బీరువాలో ఉన్న నికాహ్‌నామా తీసి చదవండి. అమెరికా సంబంధమైతే దాని పక్కన ఐ-864 నకలు ఉన్నదో లేదో చూడండి. లేకపోతే రేపే అడగండి.

అల్లాహ్ మన బిడ్డల కాపురాలను చల్లగా చూడాలని, వారి హక్కులను కాపాడే వివేకాన్ని మనకు ప్రసాదించాలని వేడుకుంటూ సెలవు తీసుకుంటున్నాను. వ ఆఖిరు దావానా అనిల్ హమ్దులిల్లాహి రబ్బిల్ ఆలమీన్.